నా ఉలి పట్టుకున్న సావుకారు

చింతామణి బస్టాండు ఎదురుగా, పండ్ల బండ్ల పైన కట్టిన ఫ్లెక్సీలో ఆయన నా ఉలి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

బస్సు కిటికీలోంచి చూశాను. పైన కన్నడంలో పెద్ద అక్షరాలతో భావపూర్ణ శ్రద్ధాంజలి అని, ఆయన పేరు కింద కళాభిమాని అని రాసి ఉంది. అంటే పోయాడన్నమాట. తెలిసిన మనిషి పోయాడంటే ఎవరికైనా ముందు అయ్యో అనిపించాలి. నాకు మాత్రం ముందు కనిపించింది ఆయన రెండో చేతిలో ఉన్న ఇనుప సుత్తి. ఉలి పిడి మీద ఇనుప సుత్తితో ఎవడైనా కొడతాడా? పిడి పగిలిపోదూ? దానికి చెక్క కొడతి ఉంటుంది. ఆ రోజు కొడతి ఆయన కాళ్ళ దగ్గరే పడి ఉంది. ఫోటోకి సుత్తి అయితే మెరుస్తుందని దాన్ని పట్టుకున్నాడు. పోయినాక కూడా అదే ఫోటో, అదే సుత్తి. బస్సు స్టాండులోకి తిరిగేదాకా మెడ తిప్పి చూస్తూనే ఉన్నాను. ఒళ్ళు మండింది.

నేను బాగేపల్లిలో వడ్రంగిని. పాత హైవే పక్కన ఒక రేకుల షెడ్డు. ఈ రోజుల్లో వడ్రంగి అంటే ప్లైవుడ్డు కోసి, దాని మీద రంగు షీటు అంటించి, వంటింటి అరలు బిగించేవాడు. చిక్కబళ్ళాపురం చుట్టూ లేస్తున్న లేఔట్ల పుణ్యమా అని నాకు పనికి కొదవ లేదు. కానీ తలుపు చేసిన పాపాన పోలేదు. మా నాయన ఉన్నన్నాళ్ళూ తలుపులు ఆయనే చేసేవాడు. నాకు చిత్రిక పట్టే పని, బెజ్జాలు కొట్టే పని. నాకు చేయి తిరిగేసరికి తలుపులు ఫ్యాక్టరీల నుంచి లారీల్లో దిగడం మొదలైంది. యాభై దాటాయి. మొదటి గీత నుంచి చివరి మేకు వరకు నా చేత్తో నేను చేసిన తలుపు ఒకటి ఎక్కడైనా ఉండాలని కోరిక. ఒక్కటి చాలు. ఆ కోరికే లేకపోతే ఆ మనిషి వాకిలి రెండో రోజు తొక్కేవాణ్ణి కాదు.

ఆయనది చింతామణి పాతపేటలో నాలుగు తరాల ఇల్లు. వేరుశనగ నూనె మిల్లు ఉండేది, మూతపడి చాలా కాలమైంది. సామాన్ల గది మూలలో మెట్లు దిగితే నేలమాళిగ. ఒకప్పుడు అందులో చింతపండు, బెల్లం, వేరుశనగ మూటలు దాచేవారట. ఇప్పుడు పెళ్ళిళ్ళకీ దినాలకీ వండే పెద్ద పెద్ద ఇత్తడి గంగాళాలు, కాళ్ళు విరిగిన కుర్చీలు. దానికి తాతల కాలపు పనస తలుపు ఉండేది. ఆ తలుపును ఈయనే, ఈ కళాభిమానే, పాత సామాన్లు కొనేవాడి బండికి ఎత్తించాడు. కొన్నేళ్ళకు నంది కొండ దారిలో ఏదో రిసార్టులో పెళ్ళికి వెళితే తన తలుపు అక్కడ గోడకు వేలాడుతూ కనిపించింది. దాని ముందు నిలబడి జనం ఫోటోలు దిగుతున్నారు. ఈయనకు కళ మీద అభిమానం పుట్టింది ఆ రోజు.

ఈ సంగతి నాకు చెప్పింది వాళ్ళింటి అమ్మ, ఆయన భార్య. ఆయనైతే "దొంగలు ఎత్తుకపోయినారు ఆచారీ" అని చెప్పాడు.

కారేసుకుని నా షెడ్డుకు వచ్చిన రోజు కారు దిగకుండానే మాట్లాడాడు.

"మా తాత కాలంలో యెట్ల ఉండెనో అట్లనే కావల్ల. ఇనుప మేకు ఉండకూడదు. బందులు ఉండకూడదు. చేస్తావా?"

"చేస్తా సావుకారప్పా. మా నాయన అట్ల తలుపులు శానా చేసినాడు."

"మీ నాయన సంగతి గాదు. నీకు వస్తాదా అంటాండా."

నా జీవితంలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు. వస్తుందన్నాను. ఆయన అద్దం ఎత్తేసుకుని వెళ్ళిపోయాడు.

మురుగమల్ల దారిలో ఆయనకున్న తోటలో ఒక పనస చెట్టు పడిపోతే పలకలు కోయించి ఇంటి వెనక పెరట్లో పేర్చి పెట్టించాడు. రెండేళ్ళు ఎండిన కొయ్య. అది మాత్రం మంచి సరుకు, కాదనను. పని అక్కడే చేయాలన్నాడు. ఉగాది తర్వాత మొదలుపెట్టాను. రోజూ మొదటి బస్సుకు చేలూరు మీదుగా వెళ్ళడం, పొద్దు వాలాక తిరిగి రావడం. రెండు నెలలు ఆ మనిషిని పెరట్లో భరించాను.

చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట ఒక కొలత టేపు ఉండేది. దానితో కనబడిందల్లా కొలిచేవాడు. పలకలు కొలిస్తే సరే అనుకోవచ్చు. కాఫీ లోటా కొలిచేవాడు. గోడ మీద పడుకున్న పిల్లి తోక కొలిచేవాడు. ఒకసారి నేను గొంతుకూర్చుని గీత గీస్తుంటే నా మోకాలు కొలిచాడు. కొలిచి, "మూడుంపావు" అనేవాడు. అంగుళాలో, అడుగులో, దేవుడికే తెలియాలి. ఎక్కడా రాసుకునేవాడు కాదు. తల ఊపి టేపు వదిలేస్తే అది టప్పుమని లోపలికి పోయేది. ఆ చప్పుడు ఆయనకు ఇష్టం. ఆ చప్పుడు కోసమే కొలిచేవాడని నా నమ్మకం.

చెట్టు నీడలో ప్లాస్టిక్ కుర్చీ. అందులో కూర్చుని కాలి మీద కాలు. "ఈ పొద్దు మనం ఉలి పడతామా ఆచారీ?" అని అడిగేవాడు. ఉలి పట్టేది నేను. "మనం శానా శ్రమ పడినాం ఈ పొద్దు" అని సాయంత్రం లేచేవాడు. నా నడుము విరిగిపోయి ఉండేది, ఆయన పంచె నలిగి ఉండేది కాదు. నోరు కట్టేసుకుని పని చేసుకునేవాణ్ణి. నాకు ఆ తలుపు కావాలి.

ఎవరో ఒకరు చూడ్డానికి వచ్చేవారు. రాకపోతే ఆయనే ఫోన్లు చేసి పిలిపించేవాడు. తాలూకాఫీసు వాళ్ళు వస్తే కన్నడం, బంధువులు వస్తే తెలుగు, ఏ భాషలో చెప్పినా ఒక్క ముక్క నిజం ఉండేది కాదు. నేను వెదురు మేకులు చెక్కుకుంటున్నాను. వాటిని చూపించి, "ఇవి మండలం దినాలు తేనెలో నానబెట్టల్ల. అప్పుడే వందేండ్లు ఉంటాయి" అని ఒక పెద్దమనిషికి చెప్పాడు. ఆ పెద్దమనిషి ఆశ్చర్యపోయి వెళ్ళాడు. మరుసటి రోజు ఈయనే నా పక్కన చేరి మెల్లగా అడిగాడు: "ఆచారీ, నిజంగానే తేనెలో నానబెడితే బాగుంటాదేమో?" కోతలు కోసేవాళ్ళను చాలామందిని చూశాను. తాను కోసిన కోతను రాత్రి తెల్లారేసరికి తానే నమ్మేవాణ్ణి ఈయన్నొక్కణ్ణే చూశాను.

వాళ్ళింటి అమ్మ మాత్రం ఎక్కువ మాట్లాడేది కాదు. పదకొండుకు కాఫీ తెచ్చి పలక మీద పెట్టేది. ఆయన ఎవరికో తేనె కథ చెబుతుంటే విని, నా వైపు ఒకసారి చూసి, లోటా తీసుకుని లోపలికి వెళ్ళేది. ఆ చూపు నాకు చాలు.

పని సగానికి వచ్చింది. పాతకాలం తలుపుకు బందులు ఉండవు. రెక్క అంచున పైనా కిందా కొయ్యలోనే బొడిపెలు వదులుతారు. కిందిది గడపలో తొలిచిన గుంటలో కూర్చుంటుంది. పైదాన్ని ద్వారబంధానికి తగిలించిన ఒక చెక్క దిమ్మె పట్టుకుంటుంది. రెక్క ఆ రెండింటి మధ్య తిరుగుతుంది. లోపల మెట్లు కాబట్టి రెండు రెక్కలూ సామాన్ల గదిలోకే తెరుచుకోవాలి. మా నాయన చేస్తుండగా వందసార్లు చూసిందే. చూడడం వేరు. మొదటి రెక్కకు బొడిపెలు చెక్కి, గుంటలో నిలబెట్టి, వేలితో తోశాను. చప్పుడు లేకుండా తిరిగింది. పెరట్లో ఎవరూ లేరు. కాసేపు దాన్ని అటూ ఇటూ తోస్తూ కూర్చున్నాను. కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి, దాచుకోవడం ఎందుకు.

ఆ మరుసటి సోమవారం వచ్చి చూస్తే రెక్క నిండా గాట్లు. ఎవడో కక్ష కట్టి కొట్టినట్టు నిలువునా అడ్డంగా దెబ్బలు.

"ఎవరు కొట్టినారు సావుకారప్పా?"

"మనమే" అన్నాడు, మీసం దువ్వుకుంటూ. చేతిలో మోటారు సైకిలు చైను. "వీడియోలో చూసినా. ఇట్ల కొడితేనే పాతది మాదిరి కనపడతాది. పసుపు రంగు గూడా పోవల్ల. బండి నుంచి తీసిన ఆయిలు ఒగ డబ్బా తెప్పించినా, పూద్దాం."

"కొత్త తలుపు కొత్తగానే ఉంటాదప్పా. పనస కొయ్య తనంతట తానే నల్లబడతాది. దానికి ఏండ్లు కావల్ల."

"అంతవరకు ఎవరు కూచుంటారు ఆచారీ?"

పాత తలుపును అమ్ముకున్నవాడు, కొత్త తలుపును కొట్టి పాతది చేయాలంటాడు. చైను ఆయన చేతిలోంచి లాక్కుని గోడ అవతల పారేశాను. ఆయిలు డబ్బా నేనే ఎత్తుకుపోయి మా బస్టాండు దగ్గర మెకానిక్కుకు ఇచ్చేశాను. రెండు రోజులు కూర్చుని గాట్లన్నీ చిత్రిక పట్టాను. రెక్క నూలుపోగు మందం తగ్గింది. ఆ రెండు రోజులు ఆయన అలిగి పెరట్లోకి రాలేదు. నా రెండు నెలల్లో సుఖపడింది ఆ రెండు రోజులే.

ఇక ఆయన జీవితంలో ఒకే ఒక్కసారి సరైన మాట మాట్లాడిన రోజు గురించి చెప్పాలి.

రెండో రెక్క కూడా అయిపోయింది. రెండింటినీ ద్వారబంధంలో నిలబెట్టి అంచులు సరిచేస్తున్నాను. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. రెండు రెక్కలూ మూసి, నడుమ తమలపాకు దూర్చి చూస్తారు. ఆకు దూరకపోతే తలుపు కుదిరినట్టు. దూరితే మా నాయన మాట్లాడేవాడు కాదు, రెక్క విప్పి మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఆ పరీక్ష కోసమే ఆ ఉదయం తమలపాకు కొనుక్కుని జేబులో పెట్టుకుని వచ్చాను.

ఆయన కుర్చీలోంచే అన్నాడు. "ఆచారీ, నడిమధ్యన రోంత సందు ఇడువు. వానాకాలంలో కింద గోడలు చెమ్మ పట్టి నీళ్ళు కారతాయి. కొయ్య ఉబ్బుతాది. మా పాత తలుపుకు వేలు దూరేంత సందు ఉండె."

నేను తల ఎత్తలేదు. అప్పటికి ఆ నోట్లోంచి తేనె వచ్చింది, చైను వచ్చింది, ఆయిలు వచ్చింది, పిల్లి తోక మూడుంపావు వచ్చింది. ఇప్పుడు సందు వచ్చింది. మా బాగేపల్లి వైపు నేల పొడి. కొయ్య ఎండి సందులు పడడమే తప్ప ఉబ్బడం మేము పెద్దగా చూడం. మా నాయన చేసిన తలుపులన్నీ ఇంటి తలుపులే, ఒక్కటీ నేలమాళిగకు చేయలేదు. ఇవేవీ నాకు ఆ పూట తట్టలేదు. ఈ మనిషి చెప్పాడు కాబట్టి అది తప్పే అయ్యుండాలి, అంతే.

"పని నాకు ఇడువు సావుకారప్పా. నువ్వు కాఫీ తాగు" అన్నాను.

ఆకు తీసి దూర్చాను. దూరలేదు. నలిగిపోయింది. ఆయన టేపు తీసి ఆ నలిగిన ఆకును కొలిచాడు.

తలుపు నిలబెట్టిన రోజు యాభై మందిని పిలిచాడు. మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. గడపకు పసుపు కుంకుమ పెట్టాక తలుపు చేసినవాడు లోపలికి వెళ్ళి రెక్కలు మూసుకుంటాడు. తర్వాత లోపలి నుంచి తానే తెరుస్తాడు. బయట నిలబడ్డ ఇంటివాళ్ళు గడప ఇవతలి నుంచి తాంబూలం, బట్టలు చేతికిస్తారు. మా నాయనకు అలా ఇస్తుంటే చాలాసార్లు చూశాను. ఒకటే ఆలోచన, ఈ పొద్దు నా వంతు. తెల్ల పంచె కట్టుకుని వెళ్ళాను.

పూజ అయింది. నేను గడప వైపు అడుగు వేశాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి పక్కకు జరిపి, తానే వంగి లోపలికి వెళ్ళి రెక్కలు మూసుకున్నాడు. లోపలి నుంచి తోసి తెరిచాడు. చెవి మీద నా పెన్సిలు, ఒక చేతిలో నా ఉలి, ఇంకో చేతిలో ఆ ఇనుప సుత్తి. జనం చప్పట్లు కొట్టారు, ఫోటోలు తీశారు. "నానే మాడిద్దు" అన్నాడు కన్నడంలో, నేనే చేసింది అని. అప్పటిదాకా మనం మనం అని వేధించినవాడు అసలు రోజున నన్ను అందులోంచి కూడా తీసేశాడు.

నా తాంబూలం పెరట్లో, బట్టలు ఉతికే బండ దగ్గర, వాళ్ళింటి అమ్మ ఇచ్చింది. తల వంచుకుని ఇచ్చింది. పనిముట్లు సంచిలో వేసుకుని బస్టాండుకు నడిచాను. ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకుంటే ఏమని చెప్పాలి, నా తలుపును ఒకడు ఎత్తుకుపోయాడని చెప్పాలా? అది వాడింట్లోనే ఉంది కదా.

నాలుగేళ్ళు ఆ వీధి వైపు పోలేదు. చింతామణిలో పని పడినా ఆ పేట చుట్టు తిరిగి వెళ్ళేవాణ్ణి.

ఫ్లెక్సీ చూసిన మూడో రోజు ఫోను వచ్చింది. ఆయన కొడుకు. బెంగుళూరులో ఉద్యోగం, నన్నెప్పుడూ చూడలేదు. వారం రోజులుగా పట్టు విడవని వాన. రెండు రోజుల్లో దినాలు. వంట గంగాళాలన్నీ నేలమాళిగలో ఉన్నాయి, తలుపు తెరుచుకోవడం లేదు.

"కడ్డీ పెట్టి పెకిలిద్దామంటాండారు మా చిన్నాయన. నాకు మనసు ఒప్పలేదప్పా. అది మా నాయన సొంత చేతులతో చేసిన తలుపు. పాత తలుపుల పని తెలిసినోడని మా అమ్మ మీ నంబరు ఇచ్చె."

కడ్డీ అన్న మాట వినగానే సంచిలో పనిముట్లు సర్దడం మొదలుపెట్టాను. వస్తున్నానన్నాను.

సామాన్ల గదిలో చెమ్మ వాసన. నాలుగేళ్ళలో పనస బాగా నల్లబడింది, ఏ ఆయిలూ లేకుండానే. రెండు రెక్కలూ ఒకదాన్నొకటి నొక్కుకుని రాయిలా బిగుసుకుని ఉన్నాయి. నడుమ వెంట్రుక కూడా దూరదు. చూడగానే అర్థమైంది. ఆయన కుర్చీలోంచి చెప్పిన మాట, నేను వినకుండా వదిలేసిన మాట.

గడప పక్కన వాళ్ళింటి అమ్మ కూర్చుని ఉంది. కొడుకు, మరిది కాస్త దూరంగా మాట్లాడుకుంటున్నారు. నేను మెల్లగా అడిగాను.

"ఎప్పటినుంచి ఇట్ల ఉండాదమ్మా?"

"మొదటి వానాకాలం నుంచే. ఏటేటా ఇదే కత. తలుపు ఉంగరానికి తాడు కట్టి లాగుతాండె. ఒగసారి లాగి ఎల్లకిల పడె."

"నాకు ఒగ ఫోను చేసింటే వచ్చి సరి చేద్దును గదమ్మా."

"నేను చేస్తానంటే వొద్దనె. నువ్వు వస్తే ఎవరు చేసిందో ఊరంతా తెలిసిపోతాది గదా." ఆమె ముఖం మీద చిన్న నవ్వు వచ్చి పోయింది. "యాల బిగుసుకుంటాది అని ఎవరన్నా అడిగితే, నేనే చేసినా గదా, నాకేమన్నా పనితనం వస్తాదా అని చెప్తాండె."

అంటే నాలుగు వానాకాలాలు తాడు పట్టుకుని వెల్లకిలా పడుతూ లేస్తూ ఆ గొప్ప కాపాడుకున్నాడు. నా మీద దయతో చెప్పాడని నేను ఒక్క క్షణం కూడా అనుకోను. కానీ ఆ కోత వల్ల చింతామణిలో నా పేరు చెడలేదు. నా తప్పంతా ఆయన తన మీద వేసుకుని తిరిగాడు, అదీ తెలియకుండానే. ఇంతకంటే పెద్ద అవమానం ఆ మనిషి నాకు బతికుండగా చేయలేదు.

కొడుకు దగ్గరికి వచ్చాడు. "తీయగలరాప్పా? పగలకుండా?"

"చూస్తా నాయనా."

వెనక నుంచి మరిది అన్నాడు. "పనోడు చేసింటే ఇట్లయితాదా? మా అన్న ఏదో ముచ్చటకు చేసుకునె. చూసేకి బాగుండాది, వాడేకి పనికిరాదు."

"అందుకే దినాలు అయినాంక దీన్ని ఊడదీసి హాల్లో గోడకు తగిలిస్తాం" అన్నాడు కొడుకు. మంచి పిల్లవాడే. "నాయన గుర్తుగా ఉంటాది. కింద ఆయన పేరు రాయిస్తాం. ఇక్కడికి ఒగ స్టీలు తలుపు చాలు. బిగించేవాళ్ళు ఎవరన్నా తెలిసింటే చెప్పండప్పా."

నేను తలుపు వైపు తిరిగి నిలబడ్డాను. నోరు మూసుకుని పని చేసుకుని పోతే నాకేమీ నష్టం లేదు. తప్పు ఆయనతో పాటే పోతుంది. కానీ తలుపు కూడా పోతుంది. నా ఒక్క తలుపు ఇక తిరగదు. తెరుచుకోదు, మూసుకోదు. ఆయన పేరు మోస్తూ గోడకు వేలాడుతుంది. తలుపు కావాలంటే తప్పును కూడా నాదనాలి. రెంటిలో ఒకటి మాత్రం ఏరుకోవడానికి లేదు.

సంచిలోంచి కొడతి తీశాను. స్టూలు ఎక్కి, ఎడమ రెక్క పైన ఉన్న దిమ్మె మీద చెయ్యి పెట్టాను. దాన్ని పట్టుకునే వెదురు మేకులు రెండు. కొయ్య నల్లబడ్డాక అవి కొయ్యలో కలిసిపోయాయి, కంటికి ఆనవు. వేలితో తడిమి, సన్నని ఉలి ఆనించి, రెండు దెబ్బలు వేశాను. మేకులు బయటికి వచ్చాయి. దిమ్మె చేతిలోకి ఊడింది. రెక్క పైభాగం గదిలోకి వాలింది. పట్టుకుని కిందికి దించాను. ఎక్కడా పెచ్చు కూడా లేవలేదు.

కొడుకు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. "యాడ కొట్టల్లనో మీకెట్ల తెలిసెప్పా?"

"పెట్టినోనికి తెలీదా నాయనా?" అన్నాను. "ఈ తలుపు చేసింది నేను. మీ నాయన గాదు."

మరిది ముందుకు వచ్చాడు, ముఖం ఎర్రగా ఉంది. "సచ్చినోని మీద యాలప్పా అపద్దాలు? నువ్వు చేసింటే మరి యాల బిగుసుకునె?"

"నా తప్పుతోనే బిగుసుకునె. సందు ఇడువుమని మీ అన్న నాకు చెప్పినాడు. నాకు ఆయప్ప మాటంటే లెక్కలేదు. వినలేదు."

ఇంత చెప్పాక కూడా ఆయన మీద నాకు గౌరవం ఏమీ పుట్టలేదు. ఆ సందు విషయంలో తప్ప ఇంక దేనిలోనూ ఆయన మాట నిజం కాదు, ఇప్పటికీ అదే అంటాను. నాకు సిగ్గేసింది నా గురించి. పని చేసేవాడు మనిషిని చూసి మాటను పారేయకూడదు. మా నాయన ఉంటే ఆ రోజే చెంప పగలగొట్టేవాడు.

కొడుకు వాళ్ళమ్మ వైపు తిరిగాడు. ఆమె గోడ పట్టుకుని లేచి నిలబడింది.

"ఆ ఎండాకాలమంతా పెరట్లో కూచోని చేసింది ఈయప్పే నాయనా. మీ నాయన కుర్చీలో ఉండె" అంది.

ఆ పిల్లవాడు రెక్క మీద ఒకసారి చెయ్యి వేశాడు. తర్వాత మెట్లు దిగి, ఒక గంగాళం ఎత్తి పైకి అందించాడు. మరిది అందుకున్నాడు. గోడకు తగిలించే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

నేను రెక్కను నేల మీద పడుకోబెట్టి, పక్కన గొంతుకూర్చుని చిత్రిక తీశాను. వాళ్ళింటి అమ్మ వచ్చి ఆ అంచు మీద వేలు పెట్టి చివరిదాకా జరిపి చూసింది.

"ఇప్పుడన్నా రోంత సందు ఇడువప్పా" అంది.

"ఇడుస్తానమ్మా" అన్నాను.